మజ్జిగలో కలిపిన మాత్ర

తాడిపత్రి వైపు నుంచి ఒక చెల్లెలు ఆరు పేజీల ఉత్తరం రాసింది. పేరు వేయొద్దంది, వేయడం లేదు. మొత్తం ఇక్కడ పెట్టలేను కాబట్టి విషయం క్లుప్తంగా చెప్తాను.

ఆమె భర్తకు 49 ఏళ్ళు, బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని. ఫిబ్రవరిలో ఊళ్ళో పెట్టిన మెడికల్ క్యాంపులో బీపీ చూస్తే 164/102 ఉంది. తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు, నాకు బీపీ ఏంది అని ఆయన కొట్టిపారేశాడు. ఆమె పోరు పడలేక అనంతపురం పోయి చూపించుకుంటే డాక్టరు ఇంకో రెండుసార్లు పిలిపించి చూసి, అమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి రాశాడు. బీపీ దిగింది. కానీ ఎండాకాలం వచ్చేసరికి పాదాలు వాయడం మొదలైంది. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పితే పట్టీల అచ్చు పాదం మీద అట్లే ఉండేదట, వేలితో నొక్కితే పడిన గుంట కాసేపటికి గానీ పూడేది కాదట. కిడ్నీలు పోతున్నాయేమోనని ఆయనకు భయం పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే ఆయన అక్క భర్త, ఈమెకు అన్నయ్య వరస, ఒంటి మీద సూదులు గుచ్చి చేసే ఆక్యుపంక్చర్ వైద్యం ఆరు నెలలు నేర్చుకుని వచ్చి సెంటర్ పెట్టాడు. మాత్రలు ఆపెయ్, ఇరవై సిట్టింగుల్లో బీపీ అనేదే లేకుండా చేస్తా అన్నాడు. ఉప్పు తగ్గించమని, ఊరగాయ మానమని, రాత్రి పెందలాడే తిని పడుకోమని కూడా చెప్పాడు. మొదటి వారం బీపీ బాగానే ఉంది. మూడో వారంలో ఒక రాత్రి ఇంట్లో మిషన్ పెట్టి చూస్తే 168/104. సూదులు పని చేసేటప్పుడు అట్లే ఎగుడుదిగుడవుతుందంట అని ఆయన పడుకున్నాడు, ఈమెకు నిద్ర పట్టలేదు. మర్నాటి నుంచి పాత మాత్రనే, వాపు మళ్ళీ రాకూడదని సగానికి విరిచి, పొడి చేసి రాత్రి మజ్జిగలో కలిపి ఇస్తోంది. మాత్రల షీటు కందిపప్పు డబ్బా అడుగున ఉంటుంది. రెండున్నర నెలలయింది. బీపీ 132, 134 దగ్గర నిలబడింది.

ఈలోగా అన్నయ్య, మా బావమరిదికి ఒక్క మాత్ర లేకుండా బీపీ తగ్గించాను అని వీడియో తీసి అందరికీ పంపాడు. అది చూసి ఎదురింటి పెద్దమ్మ, 67 ఏళ్ళ మనిషి, షుగరు కూడా ఉంది, తొమ్మిదేళ్ళుగా వేసుకుంటున్న బీపీ మాత్రలు పది రోజుల కింద ఆపేసింది. ఉత్తరం రాయించింది ఆ సంగతే. "చెప్తే మా ఆయన జన్మలో నన్ను నమ్మడు, వదిన వాళ్ళతో రాకపోకలు తెగిపోతాయి. చెప్పకుంటే ఆ పెద్దమ్మకు ఏమన్నా అయితే పాపం నాదే. అక్కా, నేను చేసింది తప్పా? ఇప్పుడేం చేయాలి?"

చెల్లీ, నువ్వు అక్కా అని రాశావు కాబట్టి నేనూ నువ్వు అనే రాస్తాను.

ముందు పెద్దమ్మ సంగతి చూద్దాం, ఎందుకంటే మీ ఇంటి విషయం తేలడానికి వారం పట్టినా పట్టొచ్చు, ఆమెది మాత్రం ఈరోజు చేయాల్సిన పని. ఆమె వేసుకునే మాత్ర ఏదో నువ్వు రాయలేదు. అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి మాత్రల్ని ఉన్నట్టుండి ఆపితే గుండె దడ, ఛాతీ నొప్పి రావొచ్చు. క్లోనిడిన్ అయితే ఆపిన ఒకటి రెండు రోజులకే బీపీ పాత అంకెను కూడా దాటి ఎగబాకొచ్చు. ఉత్తరం మడిచి పక్కన పెట్టి ఆమె ఇంటికి పో. మజ్జిగ సంగతి ఆమెకు చెప్పాల్సిన పని లేదు. "పెద్దమ్మా, మా ఆయన్ను చూసి నువ్వు మానొద్దు, ఆయన సంగతి వేరే, తర్వాత చెప్తా. ముందు బీపీ చూపించుకుందాం పద" అంటే చాలు, ఆడవాళ్ళం ఒకరి గొంతులో మాట ఒకరం పసిగట్టగలం, ఆమెకు అర్థమవుతుంది. మీ ఊరి హెల్త్ క్లినిక్‌లో ఏఎన్ఎం చూస్తుంది, లేదంటే పీహెచ్‌సీకి తీసుకుపో, పాత మందుల చీటీ వెంట పెట్టుకో. పది రోజులు ఆగిపోయాయి కాబట్టి మళ్ళీ ఎంత మోతాదుతో మొదలుపెట్టాలో డాక్టరునే చెప్పనివ్వు. మాత్రలకు డబ్బులు కూడా ఒక కారణమైతే, ప్రభుత్వ ఆస్పత్రిలో బీపీ మాత్రలు ఉచితంగానే ఇస్తారని చెప్పు.

ఇక తప్పు చేశానా అన్న మాట. మా మేనమామ ఆదోనిలో ఉండేవాడు. ఒంట్లో బాగానే ఉంది కదా అని తనంతట తానే మాత్రలు ఆపి ఏడాదిన్నర హాయిగా తిరిగాడు. ఒకరోజు పొద్దున పళ్ళు తోముకుంటుంటే బ్రష్షు చేతిలోంచి జారింది. తీసుకుందామని మూడుసార్లు వంగాడు, మూడుసార్లూ వేళ్ళు మూసుకోలేదు. అత్త ఆ బ్రష్షు తీసి చేతికిస్తే మళ్ళీ జారింది, అప్పుడు గానీ ఎవరికీ తెలియలేదు అది పక్షవాతమని. అందుకే 168 చూసిన రాత్రి నీకు నిద్ర ఎందుకు పట్టలేదో నాకు తెలుసు. భయపడి, ప్రేమ ఉండి చేశావు.

అయినా ఇంకో సంగతి నీతో నిక్కచ్చిగా చెప్పాలి. ఆయన ఒంట్లోకి ఏం పోతోందో ఆయనకు తెలియాలి. మాత్ర వద్దనుకోవడం మనకు ఎంత పొరపాటుగా కనిపించినా ఆ మాట అనే హక్కు ఆయనదే. హక్కుల మాట పక్కన పెట్టి చూసినా ఈ పద్ధతిలో ప్రమాదాలున్నాయి. రేపు ఫ్యాక్టరీలో దెబ్బ తగిలి ఆస్పత్రికి పోతే మందులేమన్నా వాడుతున్నావా అని అడుగుతారు, లేదని చెప్తాడు, డాక్టరు దాన్నిబట్టే మందులిస్తాడు. పెళ్ళికని నాలుగు రోజులు ఊరికి పోతే మజ్జిగలో ఎవరు కలుపుతారు? ఆయనకే లోపల భయం వేసి నీకు తెలియకుండా మాత్ర మొదలుపెడితే మోతాదు ఎంతవుతుంది? ఇంకోటి, అమ్లోడిపిన్ కాబట్టి నూరినా చెల్లింది. కొన్ని మాత్రలు రోజంతా నిదానంగా కరిగేలా తయారుచేస్తారు, వాటిని నూరితే మందంతా ఒక్కసారే ఒంట్లో దిగుతుంది. ఇది చదివే మిగతావాళ్ళు ఎవరూ ఈ పని మాత్రం చేయకండి.

ఇప్పుడు అసలు ముడి. ఆయనకు బీపీ ఎందుకు దిగింది? మీ ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో కారణం నమ్ముతున్నారు, విడదీసి చూద్దాం.

మాత్రలు ఆపిన మొదటి వారం బీపీ బాగుంది అని రాశావు కదా, అందరినీ నమ్మించింది ఆ వారమే. అమ్లోడిపిన్ ఒంట్లోంచి చాలా నిదానంగా పోతుంది, ఉన్న మందు సగానికి తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. రోజూ వేసుకునే మనిషి ఆపేస్తే బీపీ పాత చోటికి చేరడానికి వారం, పది రోజులు పట్టొచ్చు. అంటే ఆ వారం సూదులకు వచ్చిన పేరు పాత మాత్రలది. మూడో వారానికి మందు పూర్తిగా పోయింది, 168 బయటపడింది.

సెంటర్‌లో చూసే రీడింగుల సంగతి కూడా ఉంది. మనిషిని అరగంట ఫ్యాను కింద కదలకుండా, మాట్లాడకుండా పడుకోబెట్టి ఆ వెంటనే బీపీ చూస్తే, సూది గుచ్చినా గుచ్చకపోయినా ఎంతో కొంత దిగే ఉంటుంది. రాళ్ళ దుమ్ములో, మిషన్ల హోరులో పొద్దంతా నిలబడే మనిషికి ఆ అరగంట ఎంత సుఖంగా ఉంటుందో నేను ఊహించగలను.

మూడోది ఉప్పు. ఇందులో మీ అన్నయ్యకు న్యాయంగా రావాల్సిన పేరు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు తినమంటుంది, అంటే అన్ని వంటల్లో కలిపి మనిషికి ఒక టీ చెంచా. మన రాయలసీమ ఇంట్లో సంగటికి ఊరిబిండి, అన్నానికి నిల్వ పచ్చడి, పెరుగన్నంలోకి ఊరమిరపకాయ, పక్కన అప్పడం, ఆ చెంచా మధ్యాహ్నానికే దాటిపోతుంది. డాక్టరు చెప్పినప్పుడు వినని మనిషి బావ చెప్తే ఊరగాయ మానేశాడు, అది చిన్న విషయం కాదు. ఆ మార్పును ఏం జరిగినా పోనివ్వకు.

నాలుగోది నీ సగం మాత్ర. దీన్ని బట్టి ఒక మంచి సంగతి తెలుస్తోంది, నువ్వు గమనించావో లేదో. అమ్లోడిపిన్‌తో వచ్చే కాళ్ళ వాపు మోతాదును బట్టి ఉంటుంది. 5 మిల్లీగ్రాములకు వాచిన పాదాలు రెండున్నరకు వాయలేదు, ఎండలూ తగ్గాయి. చిన్న రక్తనాళాలు విచ్చుకుని నీరు కిందికి దిగడం వల్ల ఆ వాపు వస్తుంది, అది ఎంతోమందికి వచ్చేదే, కిడ్నీలు పోవడం కాదు. అనుమానం తీరాలంటే కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ రక్త పరీక్ష, మూత్ర పరీక్ష చేయిస్తే సరి, బీపీ ఉన్నవాళ్ళు ఎట్లాగూ చేయించుకోవాల్సినవే. మోతాదు తగ్గించొచ్చు, మాత్రే మార్చొచ్చు, టెల్మిసార్టాన్ లాంటిది ఇచ్చి చూడొచ్చు. ఈ నాలుగు ముక్కలు ఏప్రిల్‌లో ఎవరన్నా మీ ఆయనకు చెప్పి ఉంటే ఆయన మాత్ర మార్చుకునేవాడు, వైద్యాన్నే మార్చుకునేవాడు కాదు. రాసిచ్చే ముందు పాదాలు వాయొచ్చు, వాస్తే నా దగ్గరికి రా అని ఒక్క మాట అనని డాక్టర్ల మీద నాకు కోపం ఉంది.

మరి సూదుల వాటా ఎంత? దీని మీద పెద్ద ప్రయోగాలే జరిగాయి. 2006లో అమెరికాలో 192 మందిని తీసుకుని కొందరికి అసలు చోట్ల, కొందరికి సంబంధం లేని చోట్ల సూదులు వేశారు, ఎవరికి ఏది వేశారో వాళ్ళకు చెప్పలేదు. పది వారాలకు చూస్తే రెండు రకాల వాళ్ళకూ తేడా లేదు. 2007లో జర్మనీలో 160 మందికి ఆరు వారాల్లో 22 సిట్టింగులు చేశారు. అసలు సూదులు వేసినవాళ్ళకు ఇరవై నాలుగు గంటల సగటు మీద పై అంకె సుమారు 5 పాయింట్లు, కింది అంకె సుమారు 3 పాయింట్లు తగ్గింది, సిట్టింగులు ఆపిన మూడు నెలలకు మళ్ళీ మొదటికే వచ్చింది. పైగా వాళ్ళలో ఎక్కువమంది బీపీ మాత్రలు వేసుకుంటూనే సూదులు వేయించుకున్నారు, ఇది మీ అన్నయ్య గమనించాల్సిన విషయం. 2018లో, వైద్య ప్రయోగాలను సమీక్షించే కోక్రేన్ అనే సంస్థ వాళ్ళు ఇలాంటి 22 ప్రయోగాలను కలిపి చూసి, సూది వేసిన ఒక రోజు లోపల కొంచెం తగ్గొచ్చేమో గానీ బీపీని నిలకడగా తగ్గిస్తుందనడానికి ఆధారం లేదని తేల్చారు.

సెంటర్ బోర్డు మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది అని ఉందని రాశావు. అది ఉత్త అబద్ధం కాదు. 2002లో ఆ సంస్థ వేసిన ఒక సమీక్షలో, ఆక్యుపంక్చర్ పనిచేస్తుందన్న జబ్బుల జాబితాలో బీపీ కూడా ఉంది. అయితే వాళ్ళు చూసింది 1999 మొదటి దాకా వచ్చిన ప్రయోగాలే, నేను పైన చెప్పినవన్నీ ఆ తర్వాతివి. మీ అన్నయ్య మోసం చేస్తున్నాడని నేననుకోవడం లేదు. నేర్పినవాళ్ళు చెప్పింది నమ్మాడు, తన కళ్ళ ముందు 168 కాస్తా 134 అయింది, ఇంకెందుకు నమ్మడు? ఆయన నమ్మకానికి ఆధారం నీ మజ్జిగ గ్లాసు. నీకు చెప్పడానికి కష్టంగానే ఉంది గానీ, ఆ వీడియోలో అబద్ధం ఆయన ఆడలేదు.

అందుకే ఈ గుట్టు ఇప్పుడు నీ ఇంటి నాలుగు గోడల మధ్య లేదు. ఇక ఏం చేయొచ్చో చూద్దాం.

ఇట్లే కొనసాగించడం ఒక దారి. ఇంట్లో గొడవ ఉండదు, బీపీ అదుపులో ఉంటుంది. కానీ ఆయన ఇంకా గట్టిగా నమ్ముతాడు, వీడియో ఇంకో పది ఇళ్ళకు పోతుంది, ఏదో ఒకరోజు కందిపప్పు అడుగుకొచ్చినప్పుడు ఆయనే డబ్బా వంచుతాడు. నువ్వు చెప్పి తెలియడానికి, ఆయన కనిపెట్టి తెలియడానికి చాలా తేడా ఉంటుంది. ఎవరికీ చెప్పకుండా మాత్ర ఆపేసి చేతులు కడుక్కోవడం ఇంకోటి, అది మాత్రం అన్నిటికంటే చెడ్డది. పది రోజుల్లో బీపీ పైకి పోతుంది, ఎందుకు పోయిందో నీకు తప్ప ఎవరికీ తెలియదు.

పాదాలు ఒకసారి చూపించుకుందాం, కిడ్నీ పరీక్ష చేయిద్దాం అని డాక్టరు దగ్గరికి తీసుకుపోయి, ముందే నువ్వొక్కదానివి పోయి డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పొచ్చు. మంచి డాక్టరైతే తిట్టడు, కానీ నీతో కలిసి దాచిపెట్టడు కూడా, మీ ఆయనకు చెప్పమనే అంటాడు. చెప్పేటప్పుడు పక్కన ఒక పెద్దమనిషి ఉండడం నీకు ధైర్యమనిపిస్తే ఈ దారి బాగుంటుంది. బయటివాళ్ళ ముందు పరువు పోయిందని ఆయన అనుకునే మనిషైతే బాగుండదు. ఆయన ఎట్లాంటివాడో నాకంటే నీకు తెలుసు.

నన్నడిగితే, ముందు ఆయనకు నువ్వే చెప్పు, ఇద్దరే ఉన్నప్పుడు. రాత్రి మజ్జిగ దగ్గర మాత్రం వద్దు. సెలవు రోజు పొద్దున, తినకముందు, మాత్రల షీటు, బీపీ మిషన్, నువ్వు రాసుకున్న రీడింగుల పుస్తకం ముందు పెట్టి చెప్పు. మొదట పాదాల మాట ఎత్తు, వాపు ఎందుకొచ్చిందో, దానికి వేరే మాత్రలున్నాయని చెప్పు, తర్వాత ఆ 168 రాత్రి సంగతి, తర్వాత మజ్జిగ. "నువ్వు లేకుండా పోతావేమోనని భయమేసింది" అని నువ్వు ఉత్తరంలో రాసిన మాటే ఆయనతో అను. కోపం వస్తుంది. కొన్నాళ్ళు నీ చేతి మజ్జిగ, నీ చేతి కూర కూడా అనుమానంగా చూస్తాడేమో, నీకు ప్రాణం చివుక్కుమంటుంది. ఆ కోపం న్యాయమైనదే, వాదించకు, బీపీ తగ్గింది కదా అని దెప్పకు. ఆయన ఎదురుగానే పెరుగు చిలికి, ఎదురుగానే గ్లాసులో పొయ్యి. ఆ రోజు దాకా సగం మాత్ర ఆపమని నేను చెప్పను, కానీ ఆ రోజును ఈ వారం దాటనివ్వకు.

అప్పుడు కూడా మాత్ర వద్దు, సూదులే కావాలి అంటాడేమో. అంటే అననీ. డాక్టరుకు చెప్పి ఒక ఒప్పందం చేసుకోండి. మాత్ర లేకుండా, సూదులు వేయించుకుంటూ, ఉప్పు తగ్గించి రెండు మూడు వారాలు చూడండి. పొద్దున లేచి ఒంటికి పోయొచ్చాక, మళ్ళీ సాయంత్రం, ఐదు నిమిషాలు కుర్చీలో వెనక్కి ఆనుకుని పాదాలు నేలకు ఆనించి కూర్చుని, చొక్కా చెయ్యి పైకి జరిపి, పట్టీ గుండె ఎత్తులో ఉండేటట్టు కట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు. అంతకుముందు అరగంటలో కాఫీ, బీడీ వద్దు. ఏ అంకె వచ్చినా ఆయన చేత్తోనే పుస్తకంలో రాయించు. ఇంట్లో సగటు 135/85 దాటి ఉంటే మందుల సంగతి డాక్టరు చెప్పినట్టు వింటానని ముందే మాట తీసుకో. 180/120 కనిపిస్తే ఐదు నిమిషాలాగి మళ్ళీ చూడు, అట్లే ఉంటే ఒప్పందం అక్కడితో సరి, ఆ రోజే ఆస్పత్రికి. ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, మాట ముద్దగా రావడం, ఒక చెయ్యి పడిపోవడం, వీటిలో ఏది కనిపించినా అంకె కూడా చూడకుండా 108కి ఫోన్ చెయ్యి. పక్షవాతంలో మెదడు రక్తనాళంలోని గడ్డను కరిగించే ఇంజక్షన్ పనికొచ్చేది మొదటి నాలుగున్నర గంటల్లోనే.

మాత్రా వేసుకుని సూదులూ వేయించుకోవడంలో తప్పేమీ లేదు. మోకాళ్ళ నొప్పికి, మెడ నొప్పికి సూదులతో ఉపశమనం పొందినవాళ్ళు చాలామంది ఉన్నారు, బావ దగ్గర పడుకునే ఆ అరగంట మీ ఆయనకు ఇష్టమైతే పోనివ్వు. సూది మాత్రం ప్రతిసారీ కొత్తది, ప్యాకెట్ మీ ఆయన కళ్ళ ముందే చింపాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు ముందే చెప్పాలి. ఇట్లా అయితే వదిన వాళ్ళతో రాకపోకలు తెగాల్సిన అవసరమే రాదు.

అన్నయ్యతో మాట్లాడాల్సింది నువ్వు కాదు, మీ ఆయన. నువ్వు పోతే చెల్లెలు నా పొట్ట మీద కొట్టింది అనుకుంటాడు. బావమరిది పోయి, "బావా, నాకు తెలియకుండానే మాత్ర వేసుకుంటున్నానంట, ఆ వీడియో తీసెయ్" అంటే ఆయనకూ తల దించుకునే పని ఉండదు, ఇద్దరూ తెలియక నమ్మినవాళ్ళే కదా. తీయనంటే ఒక మాట గుర్తు చేయండి. మందుల, మహిమల ప్రకటనల మీద 1954లోనే చట్టం వచ్చింది, నయం చేస్తామని ప్రకటించకూడని జబ్బుల జాబితాలో బీపీ కూడా ఉంది. బెదిరించడానికి కాదు, రేపు ఎవరికన్నా పక్షవాతం వస్తే వేలు ఆయన వైపే చూపిస్తారు, ఆయన్ను కాపాడుకోవడానికి. వీడియో తీసేశాక, చూసినవాళ్ళందరికీ మాత్రలు ఆపొద్దు అని ఆయన చేతే ఒక మెసేజ్ పెట్టించగలిగితే ఇంకా మంచిది.

పెద్దమ్మ బీపీ ఎంతొచ్చిందో, ఆమె వేసుకునే మాత్ర పేరేందో రెండు ముక్కలు వెంటనే రాయి. మీ ఆయన సంగతి నీకు తీరినప్పుడు రాయొచ్చు.